శ్రీయుత హెచ్-ఇండెక్స్ గారికి, శ్రీకాకుళం నుంచి సూర్యనారాయణ వ్రాయునది

మహారాజశ్రీ హెచ్-ఇండెక్స్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. పరిశోధకుల్ని తూచే అంకెలైన తమ దర్శనం మొన్న ప్రమోషన్ ఇంటర్వ్యూలో అయింది. పొద్దున్నే రమ్మని, సాయంత్రం టీ వేళకి పిలిచారు. మధ్యలో అటెండరు తొంగి చూసి "ఏటి మాస్టారూ, ఇంకా పిలవలేదా?" అని జాలిపడ్డాడు కూడా. లోపలికెళ్ళాక, తమిళనాడులోని కావలూరు వేధశాలలో రాత్రుళ్ళు మేలుకుని తెచ్చిన కాంతి వక్రాలు, అంటే తారల వెలుగు హెచ్చుతగ్గుల గీతలు, సంచిలోంచి తీయబోతుంటే, ఒకాయన లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా "మీ హెచ్ రెండేనా?" అన్నారు. అంతటితో నా పరిశోధన మీద చర్చ ముగిసింది.

తమరి పుట్టుపూర్వోత్తరాలు తెలియనివాణ్ణి కాను. 2005లో హిర్ష్ అనే కాలిఫోర్నియా ఫిజిక్సు ప్రొఫెసరు తమరిని కన్నారు. ఒక వ్యాసాన్ని మరో వ్యాసం ఉటంకిస్తే అది సైటేషను. అయిదేసి సైటేషన్లకు తగ్గని వ్యాసాలు అయిదుంటే హెచ్ అయిదు. లెక్క సులువు, అందుకే కమిటీలకు ముద్దు. అమెరికా పెద్ద యూనివర్సిటీల్లో అసోసియేట్ ప్రొఫెసరుకి 12, ప్రొఫెసరుకి 18 ఉంటే సరిపోవచ్చని ఆయనే అంచనా వేశారు. తమవల్ల కీడు జరిగే వీలుందని 2020లో ఆయనే రాశారు కూడా. కన్నతండ్రి చెప్పినా మావాళ్ళకి ఎక్కదు.

తమ ఉదారబుద్ధి కూడా ఎరుగుదుము. రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న సంగతి మీద 2017లో వచ్చిన వ్యాసానికి రచయితలు 3,500 మందికి పైనే. దాని సైటేషన్లు ఒక్కొక్కరికీ పూర్తిగానే వడ్డించారు. తన వ్యాసాల్ని తానే ఉటంకించుకునేవాళ్ళకీ వడ్డిస్తారు. తినండి, తిననివ్వండి.

నా పేరు సంగతి మాత్రం తేల్చండి.

అరసవల్లి స్వామి దయవల్ల ఈ చుట్టుపక్కల గడపకో సూర్యనారాయణ. మాకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. తమ కంప్యూటర్లకి చివరున్నదే ఇంటిపేరు. ఒక జర్నల్ నన్ను 'సూర్యనారాయణ, బి.' అని వేసింది. రెండోది ఇంటిపేరు పూర్తిగా రాసి, సూర్యనారాయణని ఉత్త 'ఎస్.' చేసింది. మూడోది, ఎప్పుడో ఒక సర్టిఫికెట్లో చేరిన రావుని పట్టుకుని 'రావు, బి.ఎస్.' అంది. నేను ముగ్గురినయ్యాను. ఒకడి వ్యాసాలకి 9, 6 సైటేషన్లు. ఇంకొకడికి 7, 5. మూడోవాడి ఒక్క వ్యాసానికి 5. ఒక్క మనిషిగా బతకనిస్తే హెచ్ అయిదు. ముక్కలు చేస్తే రెండు, రెండు, ఒకటి. కమిటీ వారికి మొదటి ముక్క దొరికింది.

సైటేషన్లు లెక్కగట్టే ఇంకో వెబ్‌సైటు ఇంతకన్నా ఘనం. భీమవరం వైపు ఎవరో సూర్యనారాయణ గారు రొయ్యలకొచ్చే తెల్లమచ్చల వ్యాధి మీద రాసిందంతా తెచ్చి నా ఖాతాలో కలిపేసింది. నా నక్షత్రాలన్నిటికీ కలిపి వచ్చినదానికన్నా ఆయన ఒక్క వ్యాసానికే ఎక్కువ. రెండో మెంబరుగారు అది చూసి, ఆ పూటకి మొదటిసారి ఆసక్తిగా ముందుకు వంగి, "ఆక్వాలో కూడా చేశారా?" అన్నారు. కాదంటే ఆయన ముఖం వాడిపోయింది.

మాకిది కొత్తా? 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని విశాఖలో సొంత వేధశాల నుంచి చూసి వివరాలు పంపిన మా ఉత్తరాంధ్ర పెద్దాయన అంకితం వెంకట నరసింగరావు గారిని ఇంగ్లీషువాళ్ళు 'నర్సింగ్ రో' అని అచ్చేశారు. ఈరోజు వెతికినా ఆ రో గారే దొరుకుతారు.

పరిశోధకుణ్ణి పేరుతో పనిలేకుండా గుర్తుపట్టే ఆర్కిడ్ (ORCID) నంబరు తీసుకోమని సలహా. తీసుకున్నాను. ఈ దేశంలో బతకడానికి ఆధారు 12 అంకెలు చాలు, నేను నేనేనని తమకు చెప్పడానికి 16 కావాలి. అయినా పాత వ్యాసాలు వాటంతట అవి వచ్చి చేరవు. ఒక్కో జర్నల్‌కీ మెయిలు పెట్టాలి. పెట్టాను. "మీ అభ్యర్థన అందింది" అని మాత్రం అందరూ చెప్పారు.

ఇక మర్యాదలు చాలు. నేను చూసే జంట తారల్లో ఒక జంటలో, ఒక తార రెండోదాన్ని మరుగుచేసే గ్రహణం ఏళ్ళు గడిచేకొద్దీ లెక్కగట్టిన వేళకన్నా ముందే వస్తోంది. ఒక తార మీంచి రెండోదాని మీదకి పదార్థం పోతోందా? కనబడని మూడో తార ఏదైనా లాగుతోందా? ఫిజిక్సు చదివినవాడెవడికైనా ఎందుకని అడగాలనిపించదా? అంతమంది పెద్దమనుషులు, ఒక్కరూ వ్యాసం మొదటి పేజీ తెరవలేదు. చదివి "ఇది పనికిరాదు" అంటే తల వంచుకుని వచ్చేసేవాణ్ణి. చదవకుండా అనడానికి తమరిని అడ్డం పెట్టుకున్నారు. సిగ్గులేని పని. అందులో తమరిది సగం, వాళ్ళది సగం.

ఇట్లు,
సూర్యనారాయణ, బి.; ఎస్.; రావు, బి.ఎస్.

తా.క. భీమవరం సూర్యనారాయణ గారూ, మీ రొయ్యల వ్యాసాన్ని ఇంకెవరో ఉటంకించారట, అభినందనలు చెబుతూ రాత్రి నాకు మెయిలొచ్చింది. అవి మీవే, తీసుకోండి.