రోడ్డెక్కని బండి

ఆఫ్‌రోడ్ బండి అంటే గోతుల్లో, గుట్టల మీద నడిచేదని మన విజయనగరం జిల్లాలో చాలామంది పొరబడుతున్నారు. ఆ లెక్కన మా ఊరి సంతకు వచ్చే ప్రతి ఆటో ఆఫ్‌రోడ్ బండే. అసలు అర్థం పేరులోనే ఉంది. రోడ్డెక్కనిదే ఆఫ్‌రోడ్ బండి. గజపతినగరం దగ్గర మా పెరట్లో ఉన్నది అచ్చంగా అలాంటిదే. మూడేళ్లుగా ఇటుకల మీంచి దిగలేదు.

పాత మహీంద్రా జీపును పాతినుము ధరకు కొన్నాం, నేనూ మా బావమరిదీ. బండిని మోసే ఇనుప చట్రం, అదే చాసిస్‌ను అడుగున్నర పొడిగించి, వెనక తొట్టి కట్టి, 35 అంగుళాల టైర్లు వేసి ట్రక్కు చేయాలని సంకల్పం. ఆరు నెలల్లో అయిపోతుందని ఇంట్లో చెప్పాం. ఏ ఆరు నెలలో చెప్పలేదు కాబట్టి మాట తప్పినట్టు కాదు.

మేస్త్రి కోసం సాలూరు వెళ్లాం. 2022లో జిల్లా విడిపోయి అది పార్వతీపురం మన్యంలోకి పోయినా, మాకు లారీ పనంటే సాలూరే. ఆయన ఫోన్‌లో బొమ్మ చూసి, "లోడెంత బాబూ?" అన్నాడు. చట్రానికి చానల్ దూలం ఎంత మందం వాడాలో, చక్రాల మీది స్ప్రింగు కమానుకు ఎన్ని పట్టీలు వెయ్యాలో లోడును బట్టే ఉంటుందట.

"లోడేమీ ఉండదు."

"మరేటి మోస్తాది?"

"మొయ్యదు. కొండెక్కుతుంది."

ఆయన బీడీ అయిపోయేదాకా ఆలోచించి, "ఎక్కి?" అన్నాడు. వెల్డింగు మేస్త్రుల్లో ఇలా వేదాంతం పెరిగిపోవడం పరిశ్రమకు క్షేమం కాదు.

పని మొదలైంది. మేం వెల్డింగు మిషను ఆన్ చేసినప్పుడల్లా వీధిలో దీపాలు కొండెక్కాయి. బండే ఇంకా ఎక్కలేదు.

చాసిస్‌లో కొత్త ముక్క అతికించే రోజు మేస్త్రి రాలేదు. మంచి రోజు పోతుందని మా బావమరిది రాడ్డు పట్టాడు. ఒక పక్కనే మొదలుపెట్టి, ఆపకుండా ఈ చివర నుంచి ఆ చివరకు లాగేశాడు. కాలిన ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటూ అతుకున్న వైపుకు లాగుతుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు నాలుగు మూలలా టాకాలు, అంటే చుక్కల్లాంటి చిన్న అతుకులు, వేసి, ఈ పక్క కాస్త, ఆ పక్క కాస్త పోస్తారు. మర్నాడు దారం కట్టి చూస్తే చాసిస్ రెండు వేళ్లు వంగింది. ముందు చక్రాలు ఒడిశా వైపు, వెనక చక్రాలు భోగాపురం వైపు చూస్తున్నాయి. మేస్త్రి వచ్చి అతుకు మీద సుత్తితో ఒక్కటి వేశాడు. పైన పేరుకున్న పెంకుతోపాటు అతుకూ ఊడి కింద పడింది. "పైపైనే అంటుకుంది బాబూ, లోనకి దిగనేదు" అన్నాడు. మా బావమరిది ఆ పూట భోజనానికి రాలేదు.

టైర్ల సంగతి వేరు. ఈ జీపుకు ముందున్నవి 6.00-16, ఎత్తు సుమారు 29 అంగుళాలు. ట్రాక్టర్ల ముందు టైర్లకూ వాడే సైజే. 35 వేశాక బాడీకి రాసుకుంటున్నాయని మడ్‌గార్డులు కోశాం. చాలక బండిని ఎత్తాం. ఎత్తితే చక్రాలకు తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఏటవాలై జాయింట్లు పట్టేశాయి. పైగా ఈ పెద్ద టైర్లతో స్పీడు మీటరు 40 చూపిస్తే బండి 48 మీద ఉన్నట్టు. ప్రస్తుతం రెండూ సున్నా మీదే ఉన్నాయి కాబట్టి మీటరు నిజమే చెబుతోంది.

చట్టం కూడా మా పక్షమే. కంపెనీ ఇచ్చిన బండిని ఆర్‌సీలో రాసినదానికి భిన్నంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. ఆ ఏడాదే చేసిన సవరణ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మా మార్పులు లెక్కపెడితే 23 తేలాయి. అంటే 1,15,000. ఈ బండి విషయంలో ఖర్చెంతో ముందుగా తెలిసింది ఇదొక్కటే. బండి రోడ్డెక్కకూడదని ప్రభుత్వానికీ, మాకూ, గేరుబాక్సుకూ ఇంత ఏకాభిప్రాయం కుదరడం సామాన్య విషయం కాదు.

మా అమ్మ కూడా అంతే. బంపరు మీదికి ఆనపపాదు పాకించింది. "సంక్రాంతి దాకా కదపకండిరా, పిందెలున్నాయి" అని ముందే చెప్పేసింది.

మొన్న కొండచీపుర్లు అమ్మే ఆయన మోటారుసైకిలు ఆపి బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఇది కొండెక్కుతాదా బాబూ?"

"ఎంత నిటారుగా ఉన్నా" అన్నాడు మా బావమరిది. మూడేళ్లలో ఆ ప్రశ్న సరిగ్గా అడిగిన మొదటి మనిషి ఆయనే మరి.

"మా ఊరికి దారి నేదు. మొన్న మా వదినకి నొప్పులొస్తే డోలీ కట్టి దింపినాం. ఇందల మనిషిని పడుకోబెట్టొచ్చా?"

తొట్టిలోకి చూశాం. స్టెప్నీ, రెండు డీజిల్ డబ్బాలు, మనిషంత జాకీ, దిగబడితే బండిని తాడుతో లాగే విన్చి కోసం ఆపిన జాగా పోను మూడున్నర అడుగులు మిగిలింది. "కాళ్లు ముడుచుకుంటే..." అని మా బావమరిది నసిగాడు.

"ఎప్పటికవుద్ది?"

విన్చి ఇంకా రావాలని చెప్పాం. ఆయన అమ్మకు రెండు చీపుర్లిచ్చి, డబ్బులు తీసుకుని, బండికి కిక్కు కొట్టి వెళ్లిపోయాడు.

మేస్త్రి అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి చూస్తే చానల్ మీద సుద్దముక్కతో ఏదో రాసి ఉంది. లోడు: మనిషి 1, పడుకుని.