ఏటేటా అధిక మాసం

స్వేచ్ఛా మార్కెట్ మీద నా భక్తి నిన్నమొన్నటిది కాదు. 1991 జులై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదివిన నాటిది. అంతకుముందు ఫోను కావాలంటే దరఖాస్తు పెట్టుకుని ఏళ్లు ఎదురుచూడాలి. పెళ్లినాడు పెట్టుకుంటే పిల్లల అక్షరాభ్యాసానికి వచ్చేది. ఇప్పుడో, టీ చల్లారేలోపు సిమ్ము చేతికొస్తుంది. ఆ విశ్వాసం లేనివాళ్లే మిగతా సంగతులు ఎత్తుతారు.

ఎత్తుతున్నారు కాబట్టి చెప్పాలి. ఒకప్పుడు మనకు డజను దాకా ఫోను కంపెనీలు ఉండేవి. 2012లో 2జీ కేసులో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. 2016 సెప్టెంబరులో జియో ఉచిత డేటా పందిరి వేసింది. మనం తిని చేతులు కడుక్కునేసరికి పక్క దుకాణాలకు తాళాలు పడ్డాయి. ఎయిర్‌సెల్ దివాలా తీసింది. వొడాఫోన్, ఐడియా ఈతరాని ఇద్దరు ఒకరినొకరు పట్టుకున్నట్టు 2018లో ఒక్కటయ్యాయి.

ప్రైవేటులో మిగిలిన ముగ్గురి మధ్య, అంటే జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియాల మధ్య, పోటీ భీకరం. 2024 జూన్ చివర జియో ధరలు పెంచితే, రెండు రోజులు తిరక్కముందే మిగతా ఇద్దరూ పెంచారు. కూడబలుక్కున్నారని అనకండి, పాపం. ఒక కోడి కూస్తే ఊళ్లో కోళ్లన్నీ కూస్తాయి. ముందురోజు సమావేశం పెట్టుకునా?

ఇక రీఛార్జి పంచాంగం. అందులో నెలకు 28 రోజులు, ఏడాదికి 13 నెలలు. మన సిద్ధాంతులకు మూడేళ్లకోసారి గానీ దొరకని అధిక మాసాన్ని వీళ్లు ఏటా రప్పిస్తున్నారు. 30 రోజుల ప్లాను కనీసం ఒకటైనా ఉంచమని 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. ‘కనీసం’ అన్న మాటకు కంపెనీలు ఇచ్చే గౌరవం ఎంతటిదో ప్లాన్ల పట్టిక చూస్తే తెలుస్తుంది.

మార్కెట్‌లో ఓడినవాడు పోవాలి, అదే న్యాయం. వొడాఫోన్ ఐడియా కట్టాల్సిన బకాయిల్లో 36,950 కోట్ల రూపాయలను 2025లో ప్రభుత్వం షేర్లుగా మార్చుకుని, తన వాటాను 48.99 శాతానికి చేర్చింది. యాజమాన్యం మాత్రం పాతవారిదే. అప్పుపడ్డ రైతు ఎవరైనా బ్యాంకుకు వెళ్లి, ‘బాకీ కింద చేలో సగం రాసుకోండి, సేద్యం పెత్తనం మాత్రం నాదే’ అని అడిగి చూడవచ్చు. మేనేజరు కుర్చీ వేసి, నవ్వి పంపుతాడు.

ధరలు పెరిగాక, 2024 జులైలో చాలామంది బీఎస్ఎన్ఎల్‌కు మారారు. నేనూ 1900కు పోర్టు మెసేజీ పంపాను. భక్తి సడలి కాదు. ఎంచుకునే స్వేచ్ఛ ఉందన్నారు, ఎంచుకున్నాను. అది సర్కారు దుకాణం కావడం కాకతాళీయం.