సైకిలు మీది నాలుగు సంచులకు మోసినవాడు వ్రాయు లేఖ

మహారాజశ్రీ, సైకిలు చక్రాలకు అటూ ఇటూ వేలాడు ప్యానియర్ సంచుల వారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ నా మోకాళ్లు రెండూ, నడుమూ తప్ప మిగతాదంతా క్షేమం. మీరు నలుగురూ అటక మీద, నీళ్లు చొరని మీ బట్ట మీద ఒక్క గీత కూడా పడకుండా క్షేమంగా ఉన్నారని నాకు తెలుసు కనుక అడగడం లేదు.

మొన్న మాఘమాసంలో, శివరాత్రికి వారం ముందు, హైదరాబాదు నుంచి శ్రీశైలానికి సుమారు 215 కిలోమీటర్లు సైకిలు మీద వెళ్లానని నేను నలుగురికీ చెప్పుకుంటున్నాను. ఆ మాటకు కొంత సవరణ అవసరమని ఈ లేఖ ద్వారా ఒప్పుకుంటున్నాను. వెళ్లింది మీరు. నేను మిమ్మల్ని దిగబెట్టి వచ్చాను.

ప్రయాణానికి ముందు రాత్రి మిమ్మల్ని ఒక్కొక్కరినే కొక్కెం త్రాసుకు వేలాడదీసి తూచిన ఘట్టం మీకు గుర్తుండే ఉంటుంది. వెనక ఇద్దరూ దాదాపు పదిహేడు కిలోలు, ముందు ఇద్దరూ తొమ్మిది, వెరసి 26 కిలోలు. సైకిలు 15, నేను 71. బియ్యం బస్తా ఒకటి ఇంటికి తేవడానికి ఆటో పిలిచే మనిషిని నేను. అలాంటివాణ్ణి ఆ రాత్రి త్రాసు ముల్లు చూసి, ‘మూడు రోజులకు ఈమాత్రం ఉండదా’ అని నాలో నేనే తల ఊపుకున్నానంటే, అది మీ సాన్నిధ్య మహిమ కాక మరేమిటి?

కౌపీన సంరక్షణార్థం పిల్లిని, పిల్లి కోసం ఆవును, ఆవు కోసం సంసారాన్ని తెచ్చుకున్న సన్యాసి కథ మా ఇంట్లో చిన్నప్పుడు చెప్పేవారు. మీ కడుపులు విప్పి చూస్తే ఆ కథ అంతా అక్కడే ఉంది. కాఫీ కోసం పొయ్యి వచ్చింది. పొయ్యి కోసం గ్యాసు డబ్బీ, గాలికి మంట ఆరిపోకుండా చుట్టూ పెట్టే రేకు, వీటన్నిటినీ చీకట్లో వెతుక్కోవడానికి తలకు కట్టుకునే దీపం, దీపానికి పవర్ బ్యాంకు, దానికి ఎండలో ఛార్జింగు పెట్టే సోలారు పలక. ఇంతా చేసి కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి మీదుగా వెళ్లే ఆ దారిలో టీ కొట్టు తగలని గంట ఒక్కటి కూడా లేదు. పది రూపాయలకు అల్లం టీ చేతికి వస్తుంటే నేను కొట్టు ముందు బల్ల మీద కూర్చుని తాగాను. మీలోని పొయ్యి, దాని పరివారం బయట సైకిలు మీద నిలబడి నన్ను చూశాయి.

మీ వల్ల నాకు దక్కిన గౌరవాన్ని కూడా దాచను. ఖాళీ సైకిలు మీద వెళ్లే నడివయసు మనిషిని మన దారుల్లో పెట్రోలుకు డబ్బుల్లేనివాడని జాలిపడతారు. నాలుగు సంచులున్నవాణ్ణి మాత్రం ఆపి మరీ పలకరిస్తారు. అయితే మొదటి ప్రశ్న ‘ఎక్కడిదాకా’ అని ఉంటుందని నేను ఊహించుకున్నాను. ఆమనగల్లు దగ్గర ఎదురుగా పాత అట్లాసు సైకిలు మీద ప్లాస్టిక్ బిందెలు, బకెట్లు, చేటలు తన తల కంటే ఎత్తుగా కట్టుకుని వస్తున్నాయన నన్ను చూసి కాలు నేల మీద ఆనించి, ఒక వ్యాపారి మరో వ్యాపారిని అడిగే మర్యాదతో అడిగాడు: “గిరాకి ఎట్లున్నది తమ్మీ?” నేను అమ్మడం లేదని చెప్పాను. “మరి గివన్నీ?” అన్నాడు. నావే అన్నాను. ఆయన మీ నలుగురినీ, నన్నూ మార్చి మార్చి చూసి, ఇక అడగడం మర్యాద కాదన్నట్టు, “మంచిగ పో” అని సాగిపోయాడు. గేర్లు లేని ఆ బండి మీద ఉన్నదాంట్లో ప్రతి వస్తువూ సాయంత్రానికి డబ్బుగా మారి తేలికవుతుంది. నా బండి మీద సాయంత్రానికి తేలికయ్యేది నీళ్ల సీసా, అమ్మ పెట్టిన చెక్కల డబ్బా, అంతే.

చక్రం పుల్ల, అదే స్పోకు, విరిగిన సంగతికి వస్తాను. వెల్దండ దాటాక వెనక నుంచి టింగుమని ఒక చప్పుడు వినబడింది. ఆ వెంటనే చక్రం అవుటయి, అంటే వంకరపోయి, తిరిగినప్పుడల్లా రిమ్ము బ్రేకు రబ్బరును ఒకే చోట గీరుకోవడం మొదలుపెట్టింది. వెనక చక్రంలో పళ్ల చక్రాలకు చోటివ్వడం కోసం కుడివైపు పుల్లల్ని నిటారుగా, ఎడమవాటి కంటే బిగువుగా కడతారు కనుక, మోత ఎక్కువైనప్పుడు తెగేది సాధారణంగా అటువైపు పుల్లే. తెగినదాని చోట కొత్తది వేయాలంటే ముందు ఆ పళ్ల చక్రాల గుత్తిని ఊడదీయాలి; ఊడదీయడానికి గుప్పెడంత పనిముట్టు ఒకటి కావాలి. అది మీలో లేదు. మూడు ట్యూబులు, చెయిను తెంచే పనిముట్టు, ఏడు సైజుల అలెన్ కీలు, మడత కుర్చీ, పుస్తకం చదువుకునే దీపం ఉన్నాయి. అరచేతిలో పట్టే ఆ ఇనుప ముక్క మాత్రం లేదు.

కల్వకుర్తిలో ఒక చిన్న సైకిలు షాపు పెద్దాయన చక్రాన్ని తలకిందులుగా పెట్టిన సైకిలు మీదే ఒక్క తిప్పు తిప్పాడు. సుద్దముక్కను రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో కదలకుండా పట్టుకుంటే, వంకర ఉన్నచోటల్లా రిమ్మే వచ్చి సుద్దకు తగిలి తెల్లగా గీత గీసుకుంది. విరిగిన పుల్లను పక్కదానికి చుట్టేసి, దానికి ఎదుటి వైపున్న రెండు పుల్లల్ని సగం సగం తిప్పు సడలించి, మళ్లీ తిప్పి, మళ్లీ గీత చూసి, ఇలా పావుగంటలో నన్ను శ్రీశైలం చేర్చే పని పూర్తిచేశాడు. ముప్పై రూపాయలు తీసుకున్నాడు. పనిముట్టు సంగతి చెబితే మీ వైపు గడ్డంతో చూపించి, “గిన్ని మూటలు తెచ్చుకున్నవ్ బిడ్డా, గా ఒక్క సామాను మర్చిపోయినవా?” అన్నాడు. మీ తరఫున నేను సిగ్గుపడ్డాను. మీరు పడినట్టు కనబడలేదు.

మీ పూర్వుల చరిత్ర కొంత మీకు గుర్తుచేయడం నా ధర్మం. 1884 ఏప్రిల్‌లో థామస్ స్టీవెన్స్ అనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో, ముందు చక్రం ఛాతీ ఎత్తూ వెనకది బుల్లిదీ ఉండే పాతకాలపు సైకిలెక్కి, 1886 డిసెంబరులో యోకొహామాలో దిగాడు. మధ్యలో లాహోరు నుంచి కలకత్తా దాకా మన నేల మీద కూడా తొక్కాడు. భూగోళాన్ని చుట్టడానికి ఆయన కట్టుకున్న మూట ఎంతయ్యా అంటే మేజోళ్లు, ఒక మారు చొక్కా, ఒక పిస్తోలు, గుడారంగానూ పక్కగానూ పనికొచ్చే ఒక వానకోటు. 1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయలుదేరితే, ఆదీ హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భూంగారా అనే ముగ్గురు 1928లో, దాదాపు 71,000 కిలోమీటర్లు తిరిగి, ఇల్లు చేరారు. ఎడారులు, అడవులు, మంచుకొండలు దాటిన వాళ్ల సంగతి అలా ఉంచితే, నేను పూనుకున్నది మల్లన్న దర్శనానికి. అందులో కల్వకుర్తి లాడ్జీలో దుప్పటి, దిండు గది అద్దెలోనే కలిసి ఉన్నాయి. మీలో ఉన్న నిద్రసంచి సున్నా డిగ్రీల చలికి సరిపడేదట.

గుడారం విషయం ఇంతకంటే గొప్పది. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ దారిన మామూలుగా వాహనాలను వదలరు. 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ అడవిలో దారి పక్కన గుడారం వేసుకుని, పొయ్యి వెలిగించి, కాఫీ కాచుకుంటాననే ఊహ ఆ రాత్రి త్రాసు ముందు ఎంత ముచ్చటగా ఉందో, చెక్‌పోస్టు దగ్గర పులి బొమ్మ ఉన్న బోర్డు ముందు అంత తెలివితక్కువగా కనబడింది. అనగా రెండు కిలోల నాలుగొందల గ్రాముల గుడారాన్ని, గుడారం వేయకూడని చోటికి, గుడారం అక్కర్లేని ఊళ్ల మీదుగా మోసుకుపోయాను. శ్రీశైలంలో ఏ కులానికి ఆ కులం కట్టించుకున్న సత్రాలు వరసగా ఉన్నాయన్న సంగతి అప్పటికి నాకు తెలియదని మీరు అనలేరు. మా నాన్నతో ఏడో ఏటనే అక్కడ పడుకున్నాను.

ఎక్కుడు గురించి లెక్క కూడా కట్టాను, మీరు నన్ను ఏడ్చేవాడిగా జమకట్టకూడదని. నూరు మీటర్లకు ఆరు మీటర్లు లేచే వాలు మీద మీ 26 కిలోలు నన్ను వెనక్కి లాగే బలం కిలోన్నరకు కొంచెం పైన. కాగితం మీద ఇది ఏమంత కాదు. అయితే కిలోన్నర ఆవకాయ జాడీని తాడుకు కట్టి, ఆ తాడు నా నడుముకు కట్టి, ఎక్కుడు ఉన్నంతసేపూ క్షణం సడలించకుండా ఎవరో పట్టుకుని వెనక్కి లాగుతున్నారని అనుకోండి. వేగం గంటకు ఐదు కిలోమీటర్లకు పడిపోయాక సైకిలు నిలకడ తప్పి పాములా మెలికలు తిరుగుతుంది. అప్పుడు దిగి తోయడమే మర్యాద. అలా తోస్తుంటే మాల వేసుకున్న శివస్వాములు, తల మీద ఇరుముడి, చేతిలో నీళ్ల సీసా, చాలామందికి కాళ్లకు చెప్పులు కూడా లేవు, నన్ను దాటి ముందుకు నడిచి వెళ్లారు. వాళ్లలో ఒక పెద్దస్వామి కాసేపు నా సైకిలు వెనక క్యారియరు మీద చెయ్యి వేసి తోశాడు.

“ఎంతమందివి స్వామీ ఈ మూటలు?”

“నావే స్వామీ.”

“ఒక్కడివేనా?” అని నిలబడిపోయాడు.

ఎక్కుడులో వెనక్కి లాగిన మీరు దిగుడులో ముందుకు తోశారు. ఈగలపెంట దాటాక దారి మెలికలు తిరుగుతూ కృష్ణ ఒడ్డుకు, ఆనకట్ట దగ్గరికి దిగుతుంది. బరువంతా వెనక పెట్టి ముందు సంచుల్లో దూదిలాంటి నిద్రసంచిని కుక్కిన నా తెలివి అక్కడ బయటపడింది. వేగం కొంచెం పెరిగేసరికి హ్యాండిలు జ్వరం వచ్చినదానిలా వణికింది. బ్రేకులు పట్టి పట్టి రిమ్ములు వేలు పెట్టలేనంత వేడెక్కితే, మలుపు మలుపునా ఆగి చల్లబరచవలసి వచ్చింది. పన్నెండు గేట్లూ మూసి ఉన్న ఆనకట్టను అందరూ ఒకచోట నిలబడి ఫొటో తీసుకుంటారు. నేను దాన్ని ఐదు మలుపుల నుంచి, ఐదు ఎత్తుల నుంచి, తీరిగ్గా చూశాను. ఇందుకు మాత్రం మీకు కృతజ్ఞుణ్ణి.

సత్రంలో మంచం ఒకటే ఉంది. దాని మీద మీరు నలుగురూ, నేల మీద చాప పరుచుకుని నేను. దర్శనానికి వెళ్లేముందు గదికి తాళం వేసి, మళ్లీ తిరిగివచ్చి లాగి చూసి, క్యూలో కూడా మల్లన్న కంటే ఎక్కువగా మిమ్మల్నే స్మరించాను. తిరుగు ప్రయాణం బస్సులో చేశాం. కండక్టరు సైకిలుకు ఒక లగేజీ టికెట్టు, మూటలకు ఒకటి కొట్టి, “మీకు వేరే” అని నాకొకటి ఇచ్చాడు. మీ టికెట్టు ధర మీ మీద బాకీ రాసుకున్నాను.

ఇంటికొచ్చి మిమ్మల్ని ఖాళీ చేస్తే, మూడు జతల బట్టలు ఇస్త్రీ మడత చెదరకుండా బయటికొచ్చాయి. చలికోటుకు షాపువాడు కట్టిన చీటీ ఇంకా ఉంది. నిన్న మా వీధిలోకి పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె వస్తే అమ్మ వాటన్నిటినీ గుమ్మంలో పరిచి, అరగంట బేరమాడి, మూతతో సహా ఒక స్టీలు గిన్నె సంపాదించింది. ఇక మీ బరువు తగ్గిందని సంతోషించాను. రాత్రి ఎందుకో ఆ గిన్నెను కొక్కెం త్రాసుకు తగిలించి చూస్తే 380 గ్రాములు తూగింది. మీలో కుడివైపు వెనక ఉన్నవారికి, పొయ్యి మీదుగా, కొలత తీసినట్టు సరిపోయింది.

ఇట్లు
మీ విధేయుడు,
మోసినవాడు