గాయం బొమ్మను గోడకెక్కనివ్వండి

తిరుపతిలో చిత్రప్రదర్శన అంటే ఏడుకొండలు, గోపురాలు, దేవతామూర్తులు, మహా అయితే ఒక పల్లెపడుచు. ఎవరైనా కుర్రవాడు చీముపట్టిన పుండునో, కుట్లు పడిన కడుపునో గీసుకొస్తే నిర్వాహకులకు టెన్షన్ మొదలవుతుంది. ‘పుణ్యక్షేత్రంలో ఇవేం బొమ్మలయ్యా, మన సంస్కృతేనా ఇది’ అంటారు. అనేముందు శ్రీకాళహస్తి దాకా ఒకసారి వెళ్లొస్తే మంచిది.

తిన్నడి కథ అక్కడ పిల్లలకు కూడా తెలుసు. పుక్కిట పట్టి తెచ్చిన నీళ్లతో శివుడికి అభిషేకం చేశాడు, తాను రుచి చూసిన మాంసాన్ని నైవేద్యం పెట్టాడు. పొద్దున వచ్చిన పూజారి ఆ ముక్కలు చూసి అపచారమని గగ్గోలుపెట్టాడు. ఆ తర్వాత లింగం కంట నెత్తురు కారింది. తిన్నడు బాణంతో తన కన్ను పెకలించి అక్కడ పెట్టాడు. రెండో కన్నూ కారసాగితే, చూపు పోయాక చోటు తప్పకూడదని చెప్పుకాలు దానిమీద ఆనించి మళ్లీ బాణం ఎత్తాడు. దేవుడి మొహంమీద చెప్పుకాలు! ఈ దృశ్యాన్ని ఇవాళ ఒక విద్యార్థి కొత్తగా ఊహించి గీసి ఉంటే ఎన్ని కేసులు పడేవో. కాళహస్తి మాత్రం బ్రహ్మోత్సవాల్లో తొలి ధ్వజారోహణం ఆ కన్నప్ప కొండమీదే చేస్తుంది.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర కథలో మా దృష్టి ఎప్పుడూ ఒకచోట ఆగుతుంది. దొర వేషంలో పాలెగాడి తల నరికిన అమ్మవారే, ఆ తర్వాత మాతంగి వేషంలో వాడి ఆలిని ఓదార్చడానికి వెళ్తుందంటారు. నెత్తురు బొమ్మలకు ఇంతకంటే మంచి గీటురాయి లేదు. నరికి చూపించి చేతులు దులుపుకున్నాడా, ఏడ్చే ఇంటిదాకా వెళ్లాడా అన్నదే చిత్రకారుణ్ని అడగాల్సింది.

బెంగాలీ చిత్రకారుడు సోమనాథ్ హోర్ అలా వెళ్లారు. 1943 బెంగాల్ కరువులో ఎముకలగూడులైన మనుషులను దగ్గరుండి గీసిన ఆయన, 1970ల్లో ‘గాయాలు’ పేరుతో వరుసగా ముద్రణాచిత్రాలు చేశారు. మెత్తటి పలకమీద కత్తితో గాట్లు పెట్టి, సిమెంటు అచ్చు తీసి, అందులో కాగితపు గుజ్జు నొక్కేవారు. ఆరాక మిగిలేది తెల్లటి కాగితం, దానిమీద చీలికలు, గుంటలు. మనిషి ఆకారం కనపడదు, ఎరుపు ఉంటే చుక్కంత. అయినా చూసినవాడు తన చర్మం తడుముకుంటాడు. 1925లో బస్సు ప్రమాదంలో వెన్ను విరిగిన మెక్సికో చిత్రకారిణి ఫ్రిదా కాలో తన ఒంటినే నిలువునా చీల్చి, మేకులు దిగినట్టు గీసుకుంది. ఆ బాధ ఆమెదే, చెప్పే హక్కూ ఆమెదే.

అలాగని వికారం పుట్టించేదల్లా కళ అని మేము అనం. డబ్బా ఎర్రరంగు గుమ్మరించి పేరు కొట్టేద్దామనుకునేవాళ్లూ ఉంటారు. వాళ్ల బొమ్మ రెండోసారి చూడబుద్ధి కాదు, ఆ శిక్ష చాలు. మనకు పట్టాల్సిన సిగ్గు వేరే ఉంది. హైవేమీద లారీకింద నలిగినవాడి వీడియో ఇంటివాళ్లకంటే ముందు మన వాట్సాప్ గ్రూపులకు చేరుతుంది. దానికి ఎవరి మనోభావాలూ దెబ్బతినవు!

2007లో గుజరాత్‌లోని బరోడా ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో పరీక్షకోసం పెట్టిన బొమ్మలమీద గొడవచేసి, అక్కడ చదువుతున్న ఒక తెలుగు కుర్రవాణ్ని అరెస్టు చేయించారు. మరుసటి ఏడాదే ఎం.ఎఫ్. హుస్సేన్ చిత్రంపై నడిచిన అశ్లీలత కేసులను ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. కోర్టు దాకా లాగకుండానే ఇలాంటివి తేల్చుకోవచ్చు. గుమ్మం దగ్గర హెచ్చరిక బోర్డు పెట్టండి, పిల్లలు అటు వెళ్లకుండా గది వేరుచేయండి. ఎవరో ఫోన్ చేశారని బొమ్మ దింపించడం పోలీసుల పని కాదు, ప్రదర్శనకు కాపలా ఉండటం వాళ్ల పని. ఇక్కడి విశ్వవిద్యాలయాలు, టీటీడీ శిల్ప కళాశాల తమ విద్యార్థుల వార్షిక ప్రదర్శనల్లో ఒక గోడను ఇలాంటి బొమ్మలకు వదలాలని, ఏది వేలాడాలో అధ్యాపకులే తేల్చాలని కోరుతున్నాం.