మా నాన్నకు 62కే విశ్రాంతి, మరి ఎంపీగారికి?

ఈ రోజు మా నాన్న రిటైరయ్యారు. ఆఖరి పీరియడ్ కూడా చెప్పి, చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ వచ్చి షామియానా కింద కూర్చున్నారు. ముఖ్య అతిథి మా ఎంపీగారు. రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. నాన్నకంటే పదేళ్లు పెద్ద. స్టేజీ ఎక్కడానికి ఇద్దరు రెక్కలు పట్టుకున్నారు. మైకు అందుకుని, "మాస్టారూ, ఇక విశ్రాంతి తీసుకోండి. కుర్రాళ్లకు అవకాశం ఇవ్వాలి కదా" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చినా తగ్గలేదు.

మరి మీరెప్పుడు ఇస్తారండీ అవకాశం?

ఏపీలో టీచరుకు 62 నిండితే ఇంటికి. సుప్రీంకోర్టు జడ్జికైనా 65. లోక్‌సభకు పోటీ చేయాలంటే 25 నిండాలని రాజ్యాంగంలో ఉంది. ఎన్నిసార్లు గెలవొచ్చో మాత్రం ఒక్క ముక్క లేదు. రాయాల్సింది వాళ్లే, వాళ్లెందుకు రాస్తారు? సర్పంచ్‌గా నిలబడేవాళ్లకు ఇద్దరు పిల్లలే ఉండాలని 1994 చట్టంలో పెట్టారు. మూడో పాప ఉందని మా పిన్ని నామినేషనే వేయలేకపోయింది. ఆ రూలు ఏపీలో 2024లో పోయింది. అన్నేళ్లలో ఒక్కరోజైనా ఎమ్మెల్యేలకు, ఎంపీలకు అది వర్తించిందా?

అనుభవం కావాలంటారు. సీపీఐ నాయకుడు ఇంద్రజిత్ గుప్తా 11 సార్లు లోక్‌సభకు గెలిచారు, ఆయనకు దండం పెడతాను. అలాంటివాళ్లు ఎందరున్నారు? ఫిలిప్పీన్స్‌లో దిగువ సభకు వరసగా మూడుసార్లకు మించి కుదరదు. అలా పెడితే పెళ్లాన్నో కొడుకునో దింపుతారంటారా? ఇక్కడ ఏ హద్దూ లేకుండానే దింపుతున్నారు.

అసలు నా కడుపుమంట వేరే ఉంది. నేనూ టీచర్నే. 2004 సెప్టెంబరు తర్వాత చేరాను కాబట్టి సీపీఎస్‌లో, అంటే పెన్షన్ కోసం మన జీతంలోంచీ కోసే పథకంలో పడ్డాను. నెలనెలా బేసిక్, డీఏల మీద 10 శాతం కోత. చివరికి చేతికి ఎంతొస్తుందో ఎవరూ చెప్పరు, రాత్రుళ్లు అదే టెన్షన్. ఎంపీగా ఒక్కసారి గెలిస్తే నెలకు 31,000 పెన్షన్. ఐదేళ్లు దాటిన ప్రతి ఏడాదికీ నెలకు ఇంకో 2,500 కలుస్తుంది. ఎన్నాళ్లు అంటిపెట్టుకుని ఉంటే అంత ఎక్కువ. ఇక సీటెందుకు వదులుతారు?

ఎవరికైనా ఎంపీగా మూడుసార్లు చాలు. పదిహేనేళ్లలో చేయలేని పని ఇరవయ్యో ఏట చేస్తారా?

కారెక్కుతూ ఆయన నాన్న చెయ్యి పట్టుకుని ఏమన్నారో తెలుసా? "ఇక ఖాళీయే కదా మాస్టారూ, వచ్చే ఎలక్షన్లో మీ వీధి మీరే చూసుకోవాలి."