మీనా డ్రాక్యులాను ప్రేమించలేదు

1992లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా తీసిన డ్రాక్యులా చిత్రం గురించి ఎక్కడ చర్చ జరిగినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: ‘నవలను ఉన్నది ఉన్నట్టు తీసిన సినిమా ఇదొక్కటే’. ఆ మాట వెనకే మరికొన్ని వస్తాయి. ‘బ్రామ్ స్టోకర్స్ డ్రాక్యులా’ అని సినిమా పేరులోనే రచయిత పేరు ఉంది కదా అంటారు కొందరు. స్టోకర్ రాసిన ప్రేమకథకు ఇన్నాళ్లకు న్యాయం జరిగిందని మరికొందరు సంతోషిస్తారు. కథానాయిక మీనా నవలలో ఒట్టి మంచి ఇల్లాలు, సినిమాయే ఆమెకు మనసూ లోతూ ఇచ్చిందని ఇంకొందరు తీర్పు చెబుతారు. ఇవన్నీ నమ్మినవారు సినిమా చూస్తే నవల చదివినట్టే అనుకుని పుస్తకాన్ని పక్కన పెడుతున్నారు. నన్ను బాధపెట్టేది అదే.

నేనూ సినిమానే ముందు చూశాను. చాలా ఇష్టపడ్డాను, ఇప్పటికీ ఇష్టమే. తర్వాత నవల తెరిచి, డ్రాక్యులా భార్య ఎలిజబెతా ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూ చదివాను. 27 అధ్యాయాలూ అయిపోయాయి. ఎలిజబెతా రాలేదు. నవలలో ఆమె లేనే లేదు.

‘పేరులోనే స్టోకర్ ఉన్నాడు కదా’ అన్న వాదన ఎక్కువసేపు నిలవదు. రచయిత పేరును సినిమా పేరుతో కలిపి వేయడం కొప్పోలాకు కొత్త కాదు. 1972 నాటి ‘గాడ్‌ఫాదర్’ పేరు మీద కూడా మారియో పూజో పేరు ఉంటుంది. అది రచయితకు దర్శకుడు ఇచ్చే గౌరవం. ఆ గౌరవాన్ని మూలంతో సరిపోలిందన్న ధ్రువపత్రంగా చదవడం మన పొరపాటు.

‘పాత్రలన్నీ ఉన్నాయి, సంఘటనలన్నీ ఉన్నాయి’ అన్న మాటలో మాత్రం చాలా నిజం ఉంది. అది ఒప్పుకోకుండా ముందుకు వెళ్లడం అన్యాయం. 1931 నాటి యూనివర్సల్ చిత్రం రంగస్థల నాటకం మీద ఆధారపడింది. అందులో డ్రాక్యులా కోట ఉన్న ట్రాన్సిల్వేనియాకు వెళ్లేవాడు మీనాను పెళ్లాడే జొనాథన్ హార్కర్ కాదు, నవలలో పిచ్చాసుపత్రి రోగి అయిన రెన్‌ఫీల్డ్. టెక్సస్ నుంచి వచ్చిన క్విన్సీ మోరిస్ అసలు కనిపించడు. 1958 నాటి హామర్ వారి చిత్రంలో రెన్‌ఫీల్డే లేడు. వాటి పక్కన పెట్టి చూస్తే కొప్పోలా చిత్రం నవలకు ఎంతో దగ్గరగా ఉన్నట్టు అనిపించడం సహజమే. మీనా స్నేహితురాలు లూసీని పెళ్లాడాలనుకున్న ముగ్గురూ ఉన్నారు. కోట గోడ మీద బల్లిలా తలకిందులుగా పాకే కౌంట్ డ్రాక్యులా ఉన్నాడు. గడ్డం గీసుకుంటుంటే అద్దంలో కనిపించని కౌంట్ ఉన్నాడు. దారి పక్కన నీలిమంటలు, జంతుప్రదర్శనశాల నుంచి తప్పించుకున్న తోడేలు, సముద్రంలో డిమీటర్ ఓడ, అన్నీ ఉన్నాయి. నవల మొత్తం డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రికా కత్తిరింపులతో నడుస్తుంది. ఆ పద్ధతిని కూడా సినిమా గొంతులతో, చేతిరాతతో, పిచ్చాసుపత్రి డాక్టర్ సీవర్డ్ గొంతు రికార్డు చేసే ఫోనోగ్రాఫ్‌తో పట్టుకోవడానికి మనస్ఫూర్తిగా ప్రయత్నించింది. కానీ సంఘటనలు అవే అయినంత మాత్రాన కథ అదే కాదు. అవే పూసలను వేరే దారానికి గుచ్చితే వేరే దండ అవుతుంది.

ఇక్కడ సినిమా పక్షాన ఒక మాట చెప్పాలి. ‘డ్రాక్యులా లండన్ వీధుల్లో పట్టపగలు తిరగడమేమిటి, ఎండ తగిలితే బూడిద కావాలి కదా’ అని చాలామంది ప్రేక్షకులు తప్పు పడతారు. ఈ విషయంలో సినిమాయే సరైనది. నవలలో జొనాథన్, మీనా లండన్‌లోని పికడిలీ వీధిలో పగటిపూటే కౌంట్‌ను చూస్తారు. పగలు అతని శక్తులు తగ్గుతాయి, అంతే. సూర్యకాంతికి రక్తపిశాచి నశించడం 1922లో మూర్నో తీసిన మూకీ చిత్రం ‘నోస్ఫెరాటు’ నుంచి జనంలోకి వచ్చింది. కౌంట్ ముసలివాడిగా మొదలై వయసు తగ్గుతూ రావడం కూడా స్టోకర్ రాసిందే.

‘డ్రాక్యులా అంటే వ్లాద్ రాజే, స్టోకర్ అతని చరిత్రే రాశాడు’ అనేది మరో మాట. సినిమా 1462లో తురుష్కులతో యుద్ధంతో మొదలవుతుంది కాబట్టి ఇది బలపడింది. నవలలో ‘వ్లాద్’ అన్న పేరు ఒక్కసారి కూడా రాదు. ఆ రాజు మనుషులను కొరత వేయించాడన్న ప్రస్తావన కూడా లేదు. స్టోకర్ 1890 వేసవిలో ఇంగ్లండ్ తూర్పు తీరంలోని విట్‌బీ పట్టణంలో గడిపాడు. అక్కడి గ్రంథాలయంలో నేటి రుమేనియా ప్రాంతపు వాలేకియా, మోల్డేవియా సంస్థానాల మీద విల్కిన్సన్ అనే ఆయన 1820లో వెలువరించిన పుస్తకం నుంచి ‘డ్రాక్యులా’ అన్న పేరును, వాలేకియా భాషలో దానికి ‘సైతాను’ అనే అర్థం ఉందన్న వివరాన్ని రాసుకున్నాడు. అప్పటిదాకా తన పాత్రకు ఆయన అనుకున్న పేరు కౌంట్ వాంపైర్. ఆ చేతిరాత కాగితాలు ఇప్పటికీ ఫిలడెల్ఫియాలోని రోజెన్‌బాక్ మ్యూజియంలో ఉన్నాయి. తురుష్కులను ఎదిరించిన ఒక డ్రాక్యులా గురించి నవలలో కౌంటూ, అతణ్ణి వేటాడే ప్రొఫెసర్ వాన్ హెల్సింగూ మాట్లాడతారు, నిజమే. కానీ కౌంట్ తాను ట్రాన్సిల్వేనియాలోని సెకెలీ జాతివాడినని గర్వంగా చెప్పుకుంటాడు. చరిత్రలోని మూడో వ్లాద్ వాలేకియా ప్రభువు. 1972లో మెక్‌నలీ, ఫ్లోరెస్కూ అనే ఇద్దరు చరిత్రకారుల పుస్తకం వచ్చాకే ఈ ఇద్దరూ ఒకరేనన్న నమ్మకం లోకమంతా పాకింది. స్టోకర్ తీసుకున్నది ఒక పేరు, నాలుగు వాక్యాల చరిత్ర. మిగిలిన ఇల్లంతా ఆయన స్వయంగా కట్టుకున్నదే.

ఇప్పుడు అసలు విషయం. ‘నాలుగు శతాబ్దాలు ఎదురుచూసిన ప్రేమికుడి కథ ఇది, స్టోకర్ రాసింది అదే’ అంటారు. ప్రేమకు చావు లేదన్న వాక్యంతోనే సినిమాకు ప్రచారం చేశారు. యుద్ధం నుంచి తిరిగివచ్చిన రాజుకు భార్య శవం ఎదురవడం, అతడు దేవుణ్ణి ధిక్కరించి శిలువను పొడవడం, ఆ భార్యే మీనాగా మళ్లీ పుట్టడం... వీటిలో ఏదీ నవలలో లేదు. చనిపోయిన భార్య పోలికలున్న స్త్రీ కోసం డ్రాక్యులా పరితపించడం 1973లో డాన్ కర్టిస్ తీసిన టెలివిజన్ చిత్రంలోనే ఉంది. జాక్ పాలన్స్ డ్రాక్యులాగా నటించిన ఆ చిత్రంలో ఆ పోలిక లూసీది. అంటే ప్రేక్షకులు స్టోకర్‌ది అని మురిసిపోతున్న ప్రేమకథ స్టోకర్ పోయిన అరవై ఏళ్ల తర్వాత తెర మీద పుట్టింది.

నవలలో దీనికి ఆధారం వెతికేవారు మూడో అధ్యాయాన్ని చూపిస్తారు. నువ్వు ఎన్నడూ ప్రేమించలేదని కోటలోని స్త్రీలు నవ్వితే, నేనూ ప్రేమించగలను, అది మీకే తెలుసు కదా అంటాడు కౌంట్. ఆ వాక్యం ఉంది. కానీ అది ఎవరితో అన్నాడు? ఒకప్పుడు తాను ‘ప్రేమించి’ పిశాచాలుగా మార్చిన స్త్రీలతో. అన్న వెంటనే వారి ఆకలి తీర్చడానికి ఏం ఇచ్చాడు? లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించే సంచి. అతని ప్రేమ ఎలాంటిదో స్టోకర్ ఆ ఒక్క పేజీలోనే చూపించాడు. అరచేతుల మధ్య వెంట్రుకలు, దగ్గరకు వస్తే కడుపులో తిప్పే ఊపిరి, ఇదీ పుస్తకంలోని కౌంట్. సినిమాలో కౌంట్‌గా వేసిన గ్యారీ ఓల్డ్‌మన్ కళ్లలోని ఆర్తి అద్భుతమైన నటన. ఆ నటన సినిమా సొత్తు.

ఇరవై ఒకటో అధ్యాయం చదివినవారు ఈ కథను ప్రేమకథ అనలేరు. డ్రాక్యులాను వేటాడుతున్న మగవాళ్లు తలుపు విరగ్గొట్టి లోపలికి వచ్చేసరికి జొనాథన్ మంచం మీద మత్తులో పడి ఉంటాడు. డ్రాక్యులా ఒక చేత్తో మీనా రెండు చేతులనూ బిగించి పట్టుకుని, రెండో చేత్తో మెడ వెనక పట్టి, చీల్చుకున్న తన రొమ్ముకు ఆమె ముఖాన్ని అదిమి ఉంటాడు. చిన్నపిల్లవాడు పిల్లికూన మూతిని పాలపళ్లెంలో బలవంతంగా ముంచినట్టు ఉందని రాశాడు స్టోకర్. తర్వాత మీనా చెబుతుంది, కౌంట్ తనను ఏమన్నాడో: నువ్వు కొంతకాలం నాకు ద్రాక్షగానుగవు అన్నాడట. ఆమె నోట వచ్చిన మాట ‘మైలపడ్డాను, మైలపడ్డాను’ అని. ఇదే ఘట్టం సినిమాలో ఎలా మారిందో గుర్తు చేసుకోండి. అక్కడ మీనాయే నీలా మారాలని ఉంది అంటుంది. డ్రాక్యులా తటపటాయిస్తాడు, నిన్ను శపించలేనంత ప్రేమ నాకు అంటాడు. బలవంతం అంగీకారమైంది. దాడి చేసినవాడు త్యాగమూర్తి అయ్యాడు. దీన్ని చిన్న మార్పు అనడానికి నా మనసు ఒప్పుకోదు. ఒక స్త్రీ మీద జరిగిన దౌర్జన్యాన్ని ఆమె కోరికగా తిరగరాసి, ఇదే మూలం అని చెప్పడం మూలానికీ ఆమెకీ కూడా అన్యాయం.

ముగింపు కూడా అంతే. నవలలో నవంబరు 6న, పొద్దు కుంకుతుండగా, జొనాథన్ చేతిలోని కుక్రీ అనే వంపు కత్తి డ్రాక్యులా గొంతు కోస్తుంది, క్విన్సీ కత్తి గుండెలో దిగుతుంది, శరీరం ధూళి అయిపోతుంది. ఆ ముఖంలో ఊహించని ప్రశాంతత కనిపించిందని మీనా రాసుకుంటుంది. సినిమాలో ఆమె తుపాకీ ఎత్తి తనవాళ్లనే అడ్డుకుంటుంది, ఆపై ప్రార్థనా మందిరంలో అతణ్ణి ముద్దాడి, తానే తల నరుకుతుంది. తెర మీద ఆ దృశ్యం గుండెను పిండుతుంది. కానీ పుస్తకంలోని మీనా కరుణ అంతకంటే కష్టమైనది. పవిత్రమైన రొట్టె ముక్క తాకి కాలిన మచ్చ తన నుదుటి మీద ఉండగానే, తాను కూడా పిశాచిగా మారిపోవచ్చని తెలిసీ, ఇంత దుఃఖం తెచ్చిన ఆ ఆత్మే అందరికంటే దీనమైనదని, అతని మీద జాలి ఉంచండని మగవాళ్లను కోరుతుంది. అదే గొంతుతో ఆ జాలి మీ చేతులను ఆపకూడదని కూడా చెబుతుంది. ప్రేమించినవాడి మీద దయ చూపడం ఎవరైనా చేస్తారు. తనను చెరిచినవాడి మీద దయ చూపుతూనే వాడిని అంతం చేయడానికి దారి వెతికిన మనిషి ఈమె.

‘నవలలో మీనా ఒట్టి ఇల్లాలు’ అన్నవారికి ఇదే నా జవాబు. ఆమె బడిలో సహాయ ఉపాధ్యాయిని. షార్ట్‌హ్యాండ్ నేర్చింది, టైపు మిషను నేర్చింది. రైళ్ల వేళల పట్టికలు కంఠస్థం చేసిన తనను తానే రైళ్ల పిచ్చిదాన్ని అని చెప్పుకుంటుంది. భర్త డైరీ, సీవర్డ్ ఫోనోగ్రాఫ్ సిలిండర్లు, టెలిగ్రాములు, పత్రికల ముక్కలు అన్నిటినీ తేదీల వారీగా పేర్చి టైపు చేసింది ఆమే. అంతవరకు ఎవరి దగ్గర వారికి ఒక్కో ముక్క తెలుసు. ఆ ముక్కలను ఒక కథగా చేసి శత్రువు ముఖం చూపించింది మీనా. ఆ పని కాగానే మగవాళ్లు ఏం చేశారు? ఇది ఆడవారికి తగిన పని కాదని ఆమెను సమావేశాల నుంచి తప్పించారు. ఆమెను ఒంటరిగా వదిలి వాళ్లు డ్రాక్యులా కొనుక్కున్న కార్ఫాక్స్ ఇంటిని సోదా చేస్తున్న రాత్రే డ్రాక్యులా ఆమె గదిలోకి వచ్చాడు. మీనాను పక్కన పెట్టడం ఎంత పెద్ద తప్పో 1897లోనే స్టోకర్ కథలోనే చూపించాడు.

చివరికి డ్రాక్యులా తప్పించుకుని పారిపోతుంటే దారి చెప్పింది కూడా ఆమే. రోడ్డు, రైలు, నీరు అని మూడు మార్గాలనూ కాగితం మీద పెట్టి, ఒక్కొక్కదాని సాధకబాధకాలు రాసి, సెరెత్ నది మీదుగా, దానిలో కలిసే బిస్ట్రిట్జా మీదుగా కోటకు చేరతాడని తేల్చింది. మీనాయే మళ్లీ మనకు గురువైంది అన్నాడు వాన్ హెల్సింగ్. సినిమాలోని మీనా కూడా టైపు మిషను ముందు కూర్చుని కనిపిస్తుంది. ఆమెను సమ్మోహనంలోకి పంపి డ్రాక్యులా జాడ అడగడం కూడా ఉంది. కానీ ఆలోచించి, వాదించి, దారి తేల్చే మీనా అందులో లేదు. ఆమెకు దక్కింది గతజన్మ జ్ఞాపకం. బుద్ధితో గెలిచిన స్త్రీకి విధిని ఇచ్చి దాన్ని లోతు అంటే నేను ఒప్పుకోను.

మార్పులు చేయకూడదని నేను అనడం లేదు. మన తెలుగువారికి ఈ విషయం ఎవరూ నేర్పనక్కర్లేదు. శశిరేఖ వ్యాస భారతంలో లేదు, అయినా ఆమెను ఇంటి ఆడపడుచులా ప్రేమించాం. కానీ శశిరేఖ కథ వ్యాసుడే రాశాడని ఎవరూ వాదించలేదు. కొప్పోలా సినిమాను కూడా అలాగే ప్రేమిద్దాం. కంప్యూటర్ బొమ్మలు వద్దని, కుమారుడు రోమన్‌తో కలిసి తొలినాటి సినిమా ఉపాయాలతో, కెమెరాలోనే మాయలు చేయించిన పట్టుదలకు నమస్కరిద్దాం. ఐకో ఇషియోకా దుస్తులకు ఆస్కార్ వచ్చింది, రావలసిందే. వోయ్‌చెక్ కిలార్ సంగీతం నా చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. అది కొప్పోలా డ్రాక్యులా. దాన్ని స్టోకర్‌కు అంటగట్టకుండా ఉంటే చాలు.

నవల చదవబోయేవారికి ఒక చోటు చూపించి ఆపుతాను. మీనా మీద దాడి చేసిన ఆ రాత్రే డ్రాక్యులా వాళ్ల కాగితాలన్నీ నిప్పులో వేశాడు, సిలిండర్లను కూడా కాల్చేశాడు. తనను పట్టించే ఆధారం ఏదీ మిగలలేదనుకున్నాడు. సీవర్డ్ అప్పుడు, దేవుడి దయవల్ల ఇనప్పెట్టెలో ఇంకో ప్రతి ఉంది అంటాడు. టైపు చేసేటప్పుడే కాగితాల మధ్య కార్బన్ పెట్టి మూడేసి ప్రతులు తీసే అలవాటు మీనాది. మనం ఈ రోజు చదువుతున్న డ్రాక్యులా కథ, నవల లెక్క ప్రకారం, ఆ మిగిలిన ప్రతే.