ముప్పై ఆరు డిగ్రీల సాక్ష్యం

విజయవాడలో మే నెలలో పై అంతస్తు స్లాబు కింద ఉన్న మా పడకగది అర్ధరాత్రి కూడా కొలిమిలా ఉంటుందని నేనూ, "ఊరంతా వేడే కదండీ, మీ గదికి ప్రత్యేకంగా ఏముంటుంది" అని మా ఇంటి ఓనరుగారూ నెల రోజులుగా వాదించుకుంటున్నాం. డాబా మీద చలువ పెయింటు వేయించమంటే రుజువు చూపమన్నారు. ఆ మాట పౌరుషానికి తగలడంతో ఆర్డుయినో ఊనో అనే ఒక చిన్న కంప్యూటరు బోర్డూ, నీలిరంగు డీహెచ్‌టీ 11 సెన్సారూ కొని, పది సెకన్లకు ఒకసారి ఉష్ణోగ్రత కొలిచి యూఎస్‌బీ తీగ గుండా లాప్‌టాప్‌కు పంపేలా, దాన్ని పైథాన్ ప్రోగ్రాం, కామాలతో విడదీసిన వరుసలుండే ఒక సీఎస్‌వీ ఫైలులో రాసుకునేలా మొన్న రాత్రి ఏర్పాటు చేశాను.

నా ముందుచూపు గురించి ఇక్కడ కొంత చెప్పుకోక తప్పదు. మధ్యలో కరెంటు పోయినా రాసినదంతా భద్రంగా ఉండాలని, ప్రతి అంకెకూ ఫైలు తెరిచి, చివర ఒక వరుస చేర్చి, వెంటనే మూసేలా రాశాను. బోర్డు పంపినవి అందే పోర్టును ప్రోగ్రాం తెరవగానే ఒక్కోసారి మొదటి వరుస సగం తెగి వస్తుంది, దాన్ని అంకెగా మార్చబోయి ప్రోగ్రాం చతికిలబడుతుంది. కనుక ఏ తప్పు ఎదురైనా కిక్కురుమనకుండా ముందుకు సాగమని చెప్పే రెండు వరుసలు కూడా చేర్చాను. చూపులకు అందంగా ఉంటుందని, తెర మీద అంకెలన్నీ ఒకే గీతలో, పాతదాన్ని చెరిపి కొత్తది వచ్చేలా అమర్చాను. ఈ మూడింటిలో మొదటి రెండింట్లో ఏ ఒక్కటి చేయకపోయినా ఈ రోజు నా పరువు దక్కేది.

తొమ్మిదీ నలభైకి మొదలైంది. తొమ్మిదీ యాభై రెండుకు, మా ఆవిడకు గ్రాఫు గీసి చూపిద్దామన్న ఉబలాటంతో, ఆ ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో తెరిచాను. ఆవిడ "బాగుందండీ, ఫ్యాను ఇటు తిప్పండి" అంది. నేను తెర మీది ఆ స్ప్రెడ్‌షీట్ కిటికీని మూయకుండా కిందికి కుదించి పడుకున్నాను. తాను తెరిచిన ఫైలును మరొకరు ముట్టుకోకుండా తాళం వేసుకుని కూర్చునే అలవాటు ఆ స్ప్రెడ్‌షీట్‌కు ఉందట. చూడడానికి తెరిచిన మనిషిని రాయడానికి వచ్చాడనుకోవడం ఏం మర్యాదో, ఆ తాళం సంగతి ఒక్క ముక్క చెబితే దాని సొమ్మేం పోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఇక ఆ రాత్రంతా సెన్సారు కొలిచింది, బోర్డు పంపింది, పైథాన్ పది సెకన్లకోసారి వెళ్లి తలుపు తట్టి, అనుమతి లేదనిపించుకుని, నేను నేర్పిన సంస్కారం ప్రకారం నోరు మెదపకుండా వెనక్కి వచ్చింది. ఉక్కపోతకు రెండుసార్లు లేచి తెర వైపు చూసిన నాకు అంకెలు చకచకా మారుతూ కనిపించాయి. "రాసుకో నాయనా, రాసుకో" అని దీవించి మరీ పడుకున్నాను. ఆ విధంగా సుమారు 3,100 కొలతలు పుట్టిన చోటే గిట్టాయి.

ఉదయం ఆరున్నరకు ఓనరుగారిని పిలిచి, కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఫైలు తెరిచాను. అందులో 72 వరుసలున్నాయి. అన్నీ తొమ్మిదీ యాభై రెండు లోపువే.

"రాత్రి భోజనాల వేళ కదండీ, వంటింటి సెగ అయ్యుంటుంది" అన్నారాయన. అంకె మాత్రం చూడమని, 36 అని వేలు పెట్టి చూపించాను. ఈ యంత్రం ఎంత కచ్చితమైనదని ఆయన అడిగారు. అబద్ధం ఆడలేక, రెండు డిగ్రీలు అటూ ఇటూ ఉండవచ్చని తయారీదారులే చెబుతారన్నాను.

"అయితే ముప్పై నాలుగే" అని ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి లేచారు.